గడిలో బస చేస్తే ఎవరి చరిత్ర వింటాం?

జైపూర్ పోయినవాళ్ళు పాత హవేలీలో దిగుతారు. కేరళ పోయినవాళ్ళు చెక్క స్తంభాల నాలుకెట్టు ఇల్లు వెతుక్కుంటారు. వరంగల్ వచ్చినవాళ్ళు మాత్రం స్టేషన్ రోడ్డులోనో, హనుమకొండ చౌరస్తా దగ్గరో ఏసీ లాడ్జిలో దిగుతారు. వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి చూసుకుని, మర్నాడు కారు మాట్లాడుకుని రామప్పకు పోయి, సాయంత్రానికి హైదరాబాద్ బండి ఎక్కుతారు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక దూరాల నుంచి వచ్చేవాళ్ళకు ఇటు ఒక కారణం దొరికింది. కానీ వచ్చినవాళ్ళు ఒక పాత ఇంట్లో పడుకుని, పొద్దున ఆ ఇంటివాళ్ళు పెట్టిన టిఫిన్ తిని, ఆ ఊరి సంగతులు వినే ఏర్పాటు మన దగ్గర చాలా అరుదు.

పాత ఇళ్ళు లేకనా అంటే అదీ కాదు. జనగామ నుంచి జగిత్యాల దాకా, కామారెడ్డి నుంచి ములుగు దాకా ఏ దారిన పోయినా ఎక్కడో ఒకచోట చింతచెట్ల మధ్య ఎత్తయిన గోడ, మూలన బురుజు, సగం విరిగిన దర్వాజ కనిపిస్తాయి. అవి గడులు. ‘వీటిని రాజస్థాన్‌లో లాగా హోటళ్ళు చేయొచ్చు కదా’ అని ప్రతి రెండో మనిషీ అంటాడు. అనడం తేలికే. ఎందుకు కాలేదో చూస్తే మాత్రం చిక్కుముడి ఒకటి కాదు, మూడు నాలుగు కనిపిస్తాయి. భూమి చరిత్ర ఒకటి, సున్నం ఒకటి, కాగితాలు ఒకటి. అన్నిటికంటే గట్టి ముడి, ఆ ఇంటి కథ ఎవరు చెప్పాలన్నది.

గడి రాజుగారి కోట కాదు

మొదట ఇది తేల్చుకోవాలి. ఉత్తర తెలంగాణలో మనం చూసే గడులు చాలామటుకు దేశ్‌ముఖుల, దేశ్‌పాండేల, పెద్ద పట్టాదారు దొరల ఇళ్ళు. వీళ్ళు రాజులు కారు. నిజాం రాజ్యంలో ఊళ్ళ నుంచి శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే వంశపారంపర్య అధికారులు. 1865లో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ తెచ్చి, జిల్లాలు ఏర్పాటు చేసి, వసూలు పనిని జీతమిచ్చే ఉద్యోగులకు అప్పగించాడు. దేశ్‌ముఖులకు ఆ పని పోయింది. దానికి బదులుగా ‘రుసుం’ అని ఏటా కొంత డబ్బు ముట్టింది. ఊళ్ళో పలుకుబడి మాత్రం పోలేదు. లెక్కలు తెలిసినవాళ్ళు, పట్వారీలు చేతిలో ఉన్నవాళ్ళు కాబట్టి, తర్వాత సర్వే సెటిల్‌మెంట్లు జరిగినప్పుడు మంచి భూములన్నీ తమ పేర పట్టా చేయించుకున్నారు. వసూలుదారు కాస్తా భూస్వామి అయ్యాడు. ఇప్పుడు కొంచెమైనా నిలబడి ఉన్న గడుల్లో చాలావాటికి ఆ ఆకారం వచ్చింది ఈ డబ్బుతోనే, ఈ కాలంలోనే.

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట లాంటివి వేరే కోవ. అది సంస్థానం. కట్టడమూ పాతది, 18వ శతాబ్దపుది. సొంతదారుల కుటుంబమే పూనుకుని బాగు చేయించింది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ వచ్చింది. పనిమంతులు, ఓపిక, డబ్బు మూడూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే దోమకొండ పోవాలి. ఆ మూడూ ఒకచోట చేరడం ఎంత కష్టమో చూడాలంటే మిగతా ఊళ్ళు తిరగాలి.

రాజస్థాన్‌తో పోలిక ఎందుకు కుదరదో కూడా ఇక్కడే ఉంది. అక్కడి రాజులు రాజ్యాలు వదులుకున్నా 1971 దాకా రాజభరణాలు అందుకున్నారు. ప్యాలెస్‌లు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ 1957లోనే హోటలయింది. అంటే కుటుంబం ఇంట్లో ఉండగానే, ఇల్లు పాడుబడకముందే, పనివాళ్ళు చెదిరిపోకముందే ఇల్లు వ్యాపారంలోకి దిగింది. మన గడులకు ఆ అవకాశం రాలేదు. ఎందుకు రాలేదన్నది కాసేపు ఆగి చెబుతాను. ముందు ఇంకో అపోహ సంగతి.

‘కాకతీయుల నాటి ఇల్లు’ అంటే నమ్మకండి

ఓరుగల్లు పేరు చెప్పగానే బోర్డు మీద తోరణం బొమ్మ వేయడం మనకు అలవాటు. బిర్యానీ హోటల్ కైనా, బట్టల షాపుకైనా అదే బొమ్మ. పాత ఇంటిని చూపించి ‘ఏడొందల ఏళ్ళ కిందటిది, కాకతీయులు కట్టింది’ అనేవాళ్ళకూ కొదవ లేదు. కాకతీయుల నుంచి మనకు మిగిలినవి రాతి పనులు, మట్టి పనులు. 1163 నాటి వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప, కోటలో నాలుగు కీర్తితోరణాలు, రాతికోట, దాని చుట్టూ మట్టికోట, పాకాల, రామప్ప లాంటి చెరువులు. మనుషులు కాపురమున్న ఇళ్ళు కట్టెతో, మట్టితో కట్టుకున్నవి, అవి నిలవలేదు. కాబట్టి ఎవరైనా మీకు కాకతీయుల నాటి పడకగది అద్దెకిస్తామంటే, మంచం మాత్రం గట్టిదేనా అని అడగండి చాలు.

రాతి కట్టడాల విషయంలోనే పేర్లు మోసం చేస్తాయి. వరంగల్ కోటలోని ఖుష్‌మహల్‌ని షితాబ్ ఖాన్ మహల్ అని పిలుస్తాం. ఆయన 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును ఏలినవాడు. కానీ ఆ వాలు గోడలు, ఆ కమాన్లు చూసిన చరిత్రకారులు అది అంతకంటే చాలా ముందుదని, 1323లో కోటను గెలిచిన తుగ్లక్‌ల దర్బారు హాలని అంటారు. ఊరంతా చూసే కట్టడానికే ఇంత గందరగోళం ఉంటే, పల్లెటూరి గడి మీద ఎవరేం రాసినా అడిగేవాడెవడు?

ఇంటి వయసు తెలుసుకోవడానికి ఇంటివాళ్ళ మాట ఒక్కటే ఆధారం కాదు. తల పైకెత్తి చూడండి. కప్పులో టేకు దూలాల బదులు ఇనుప గర్డర్లు ఉంటే, ఆ గది రైలు వచ్చాక కట్టిందనో, రైలు వచ్చాక మరమ్మతు చేసిందనో దాదాపు ఖాయం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడకు రైలు దారి 1880ల చివరికల్లా పూర్తయింది. అంత బరువు ఇనుము ఎడ్లబండ్ల మీద అంత దూరం రావడం కష్టం. గర్డర్ పక్కన సున్నం గీకితే ఒక్కోసారి అచ్చు అక్షరాలు బయటపడతాయి. ‘డోర్మన్ లాంగ్’ అనుంటే ఇంగ్లండ్ నుంచి ఓడ దిగివచ్చిన సరుకు. ‘టాటా’ అనుంటే 1912 తర్వాతది, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోయడం మొదలైందే ఆ ఏడు. మన మేస్త్రీలు ‘బెంగుళూరు పెంకులు’ అనే చదరపు పెంకులూ అంతే. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ఒక పెంకు తిప్పి వెనక చూస్తే చాలాసార్లు ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. కింద షాబాద్ బండలు పరిచి ఉంటే అవి కలబురగి వైపు నుంచి వచ్చినవి, అవీ ఎక్కువగా రైలు సౌకర్యం వచ్చాక పరిచినవే. గూన పెంకులు, మట్టిమిద్దె, గచ్చు నేల ఉన్న భాగం ఉంటే అది ఇంకా పాతదయ్యే అవకాశం ఉంది.

ఇలా చూస్తే ఒకే గడిలో మూడు తరాలు కనిపిస్తాయి. లోపలి భవంతి ముందుది, ముందరి కచేరి (దొర కూర్చుని ఊరి పంచాయతీలు చేసే చోటు) తర్వాతది, పైన రంగుటద్దాల మేడ ఇంకా తర్వాతది. అతిథికి నిజంగా ఆసక్తి కలిగించేది ఇదే. ‘ఏడొందల ఏళ్ళు’ అనే అబద్ధం కంటే ‘ఈ గర్డర్ ఓడలో వచ్చింది’ అనే నిజం మేలైన కథ.

దిడ్డి దర్వాజ దగ్గర ఆగండి

గడి ముందర నిలబడితే మొదట కనపడేది పెద్ద దర్వాజ. బండి, పల్లకి, గుర్రం పోయేంత ఎత్తు, ఇనుప మొలలు కొట్టిన టేకు తలుపులు. అది ఎప్పుడూ తీసి ఉండదు. ఒక రెక్కలో చిన్న తలుపు ఉంటుంది, దాన్ని దిడ్డి దర్వాజ అంటారు. గడప ఎత్తుగా, పైకమ్మి కిందికి ఉంటుంది. కాలు ఎత్తి, తల వంచి, నడుము వంచితే తప్ప లోపలికి పోలేరు. దొంగలు, దండు ఒక్కసారిగా చొరబడకుండా కట్టిన ఏర్పాటు అది, కోటలన్నిటికీ ఉన్నదే. కానీ రోజూ ఆ దారిన పోయిన మనిషికి అది ఇంకోలా పనిచేసింది. లోపల అడుగు పెట్టేసరికే తల వంగి ఉంటుంది. చెప్పులు అప్పటికే చేతిలో ఉంటాయి. దాటగానే ఎదురుగా, మూడు నాలుగు మెట్ల ఎత్తున, స్తంభాల కచేరి. పైన దొర కుర్చీ. కింద ఎండలో ఊరు.

దొర ఇంట్లో పని అంటే కూలికి చేసిన పని కాదు, వెట్టి. చాకలి బట్టలుతికేది, మంగలి క్షవరం చేసేది, కుమ్మరి కుండలిచ్చేది, మాదిగ మోటబొక్కెన కుట్టి చెప్పులిచ్చేది, గౌడు కల్లు పోసేది, రైతు తన పొలం వదిలి దొర పొలం దున్నేది. కులానికొక వాటా, ఇంటికొక మనిషి. దొర బిడ్డ పెళ్ళయి పోతుంటే సారెతో పాటు ఆడబాపలను పంపేవాళ్ళు. ఆ ఆడపిల్లలు అత్తగారింట్లో జీవితాంతం పనిచేయాలి, అడిగినవాళ్ళకు అడిగినట్టు ఉండాలి. వాళ్ళు పడుకున్న చోటు ఆ గడిలో ఎక్కడో ఒకచోట ఉంది. వంటింటి వెనక పంచలోనో, ధాన్యపు అర్ర ముందరి చీకటి నడవలోనో. ఇవాళ హోటల్ ప్లాన్ గీసే ఇంజనీరు ఆ చోటునే ‘స్టోర్’ అని రాసుకుంటాడు.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య పడిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన నాలుగెకరాల పంట కోసం నిలబడ్డది కూడా అదే దేశ్‌ముఖ్ మీద. ఆ తర్వాత 1951 దాకా సాగిన సాయుధ పోరాటం గడుల చుట్టే తిరిగింది. దొరలు పట్నం పారిపోయారు, గడులు ఖాళీ అయ్యాయి. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చాక చాలామంది తిరిగొచ్చారు. 1949లో జాగీర్దారీ రద్దయింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది తప్పుగా చెప్పేది. జాగీర్ల రద్దుతో దొరల భూములన్నీ పోలేదు. జాగీరు, అంటే నిజాం ఇనాముగా ఇచ్చిన ఇలాకా, వేరు; దివానీ ఇలాకాలో, అంటే సర్కారు నేరుగా ఏలిన ఊళ్ళలో, పట్టా భూమి వేరు. దేశ్‌ముఖుల భూమిలో చాలా భాగం పట్టాదే. దాన్ని తాకింది 1950 కౌలుదారీ చట్టం, ఆ తర్వాత 1973 భూసంస్కరణల చట్టం, అవి కూడా కాగితం మీద తాకినంతగా నేల మీద తాకలేదు. అందుకే గడి రెండోసారి దీపం పెట్టుకుంది.

రెండోసారి ఆరిపోయింది కరీంనగర్ వైపు నుంచి. 1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, అదే ఏడు అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. ఇక వెట్టి చేసేది లేదని ఊళ్ళు ఎదురుతిరిగాయి. చాకలి, మంగలి గడి మెట్లెక్కకపోతే దొరకు రోజు గడవదు. ఒక్కో దొర కుటుంబమే కరీంనగర్‌కో, హనుమకొండకో, హైదరాబాద్‌కో మారిపోయింది. ఆ తర్వాతి ఏళ్ళలో కొన్ని గడులను నక్సలైట్లు పేల్చేశారు, కొన్ని బడులయ్యాయి, కొన్ని సర్కారు ఆఫీసులయ్యాయి, ఎక్కువ వాటికి తాళం పడింది. తాళం పడిన ఇంటి టేకు తలుపులు, చెక్కుడు స్తంభాలు ఒక్కొక్కటే పాత సామాన్ల వ్యాపారుల లారీలెక్కాయి. హైదరాబాద్‌లో ఏదైనా ఖరీదైన రెస్టారెంట్లో కూర్చున్నప్పుడు గోడకు ఆనించిన పాత దర్వాజ కనపడితే, అది మీ జిల్లాదే కావచ్చు.

రాజస్థాన్ హవేలీకీ మన గడికీ తేడా ఇదీ. అక్కడ ఇంటి యజమాని ఊళ్ళో ఉండి అతిథిని పిలిచాడు. ఇక్కడ యజమాని ఊరు విడిచి నలభై ఏళ్ళు దాటింది, ఊరికి ఆ ఇంటి మీద ఇంకా మాట చెల్లలేదు.

స్నానాల గది కట్టేటప్పుడే సగం ఇల్లు కూలుతుంది

సరే, ఒక కుటుంబం తిరిగొచ్చి నాలుగు గదులు బాగుచేసి అతిథుల్ని పెట్టుకుందామనుకుంది. మొదట తగిలేది అటాచ్‌డ్ బాత్రూం. పాత ఇంట్లో పడకగదికి ఆనుకుని నీళ్ళు ఉండవు. తానం వెనక పెరట్లో, దొడ్డికి పోయేది ఇంకా దూరాన. ఇవాళ్టి అతిథికి అది నడవదు. దాంతో ఇంటి నడుమ ఉన్న ఏదో చిన్న అర్రను బాత్రూం చేస్తారు. రెండడుగుల మందం గోడకు గాడి కొట్టి పైపులు వేస్తారు, నేల తవ్వుతారు, టైల్స్ అతికిస్తారు. పునాదిలో ఉన్నది మట్టి, రాయి. పైపు ఏ అతుకు దగ్గర కారినా ఆ నీళ్ళు నేరుగా పునాదిలోకే పోతాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ పగులుతుంది.

దీనికి మందు ఉంది, కాకపోతే ఖర్చు, ఓపిక ఎక్కువ. నీళ్ళున్న గదులన్నీ పాత గోడకు బయట, విడి పునాది మీద, వెనక వసారా వైపు కట్టుకోవాలి. పైపులు కనపడేటట్టే వేయాలి. కనపడితే కారేది తెలుస్తుంది. కరెంటు వైర్లూ అంతే, గోడ చెక్కకుండా పైనుంచే చెక్క పట్టీలో పోనివ్వాలి. పాతకాలం వాళ్ళు చేసింది కూడా అదే.

రెండోది సిమెంటు. గడి గోడ డంగుసున్నంతో కట్టింది. సున్నం, ఇసుక గానుగలో పోసి, ఎడ్లను కట్టి రాతి చక్రంతో గంటల తరబడి నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి చేసిన గార అది. నేలలోంచి చెమ్మ పైకి పాకినా ఆ గార గుండా బయటికి ఆరిపోతుంది. ఇప్పుడు మేస్త్రీ వచ్చి ‘సున్నం రాలుతోంది, సిమెంటు కొట్టేద్దాం’ అంటాడు. కొడతారు. చూడ్డానికి ఏడాది పాటు బ్రహ్మాండంగా ఉంటుంది. చెమ్మకు బయటికి దారి మూసుకుపోయింది కాబట్టి అది సిమెంటు పూత దాటి పైకెక్కుతుంది, మనిషి నడుమెత్తున తెల్లటి ఉప్పు పొంగుతుంది, ఎమల్షన్ రంగు బుడగలెత్తుతుంది, ఆఖరుకు సిమెంటు పలకలు పలకలుగా ఊడి లోపలి సున్నాన్ని కూడా పీక్కుపోతుంది. ఇంటివాళ్ళు దాన్ని చూసి ‘చూశారా, పాత గోడలు ఎట్లా పోతున్నాయో’ అని ఇంకో కోటింగ్ సిమెంటు కొట్టిస్తారు!

సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గారు, దొరికితే రోజు కూలి ఎక్కువ, పని నెమ్మది. ఒక పొర ఆరాలి, మళ్ళీ పొర వేయాలి. ఎండాకాలంలో తడి గోనెపట్టాలు కప్పి ఆరబెట్టాలి. ఇంత తతంగానికి బ్యాంకు వడ్డీ ఆగదు. అందుకే హోమ్‌స్టే అని ఫొటోలు పెట్టేవాటిలో కొన్ని పాత గోడల ముందు కొత్త స్లాబు గదులు కట్టి, పాత దర్వాజ దగ్గర సెల్ఫీ దిగమంటాయి. అది అబద్ధం కాదు, కానీ మీరు పడుకునేది పాత ఇంట్లో కాదన్న సంగతి బుక్ చేసేటప్పుడే చెప్పాలి కదా.

చెదలు, గబ్బిలాలు, పిట్టగోడ మీద రావి మొలకలు మామూలే. మొలకను పైపైన కోస్తే రెట్టింపు వస్తుంది, వేరుతో తీయాలి. మందపు గోడల మధ్య ఫోన్ సిగ్నల్ రాదు, కొందరు దాన్ని కూడా సౌకర్యంగానే అమ్ముతున్నారు.

కాగితాల సంగతి

ఇది త్వరగా ముగిస్తాను, చదివేవాళ్ళకు విసుగు, అనుభవించేవాళ్ళకు టెన్షన్. గడి చాలాసార్లు గ్రామకంఠం భూమిలో, అంటే ఊళ్ళో ఇళ్ళ కోసం విడిచిన జాగాలో, ఉంటుంది. పొలానికున్నట్టు దానికి పాసుబుక్కు ఉండదు, పంచాయతీ ఇంటిపన్ను రసీదులే దిక్కు. వాటాదారులు మూడు తరాలకు పాతిక మంది అవుతారు. ఆడపిల్లలకూ హక్కుంది, ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే. సగం మంది అమెరికాలో, కొందరికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. అందరి సంతకాలు లేనిదే బ్యాంకు అప్పివ్వదు. అప్పు లేనిదే కప్పు నిలవదు.

వాటాల గొడవ తీరిన కుటుంబానికి ముందున్న దారులు రెండు. కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో ‘హెరిటేజ్ హోటల్’ అనిపించుకోవాలంటే ఇల్లు 1950కి ముందు కట్టిందై ఉండాలి, కనీసం ఐదు గదులు అద్దెకుండాలి, ఇంకా బోలెడు సౌకర్యాలు కావాలి. ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ పథకమైతే ఒక్క గది నుంచి ఆరు గదుల దాకా, పన్నెండు మంచాల దాకా. షరతల్లా ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే కాపురముండాలి. గడులకు ఈ రెండోదే నప్పుతుందని నా అభిప్రాయం, కానీ కాపురముండేవాళ్ళే లేరు కాబట్టి అక్కడే ఆగిపోతోంది. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు అధికారులకు పంపాలి. వరంగల్ కోట లోపలో, రామప్ప దగ్గరో ఇల్లుంటే ఇంకో సంగతి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి ఉంటేనే. ఉన్న ఇల్లు మరమ్మతు చేసుకోవాలన్నా అర్జీ పెట్టాల్సిందే. కోట లోపల తరాలుగా ఉంటున్నవాళ్ళకు ఇది బాగా తెలుసు.

నన్నడిగితే ముందుగా తెరుచుకోవాల్సినవి గడులు కావు, ఊరి నడిబొడ్డున ఉన్న షావుకార్ల ఇళ్ళు. వరంగల్ బీట్‌బజార్, బట్టలబజార్, గిర్మాజీపేట వైపు కింద దుకాణం, మీద కాపురం, నడుమ వెలుతురు పడే వాకిలి ఉన్న పాత ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. అక్కడ మనుషులు ఉంటున్నారు, నీళ్ళూ డ్రైనేజీ ఉన్నాయి, స్టేషన్ నడిచిపోయేంత దూరం. పత్తి, మిర్చి, ధాన్యం వ్యాపారంతో ఈ ఊరు ఎట్లా పెరిగిందో, 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చాక ఎట్లా మారిందో ఆ కిటికీలోంచే చెప్పొచ్చు. మంచం పక్కన ఓరుగల్లు దర్రీ ఒకటి పరిస్తే అది అలంకారం కాదు, పక్క వాడలో నేసిన సరుకు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు కూడా.

గదిలో పెట్టే ఆ ఒక్క కాగితం

ఏ పాత ఇంట్లో బస చేసినా బల్ల మీద ఒక చిన్న కాగితం ఉంటుంది, ఈ గది చరిత్ర ఇదీ అని. ఆ నాలుగు వాక్యాల్లోనే తెలుస్తుంది ఆ ఇంటివాళ్ళు ఏం దాచారో. మామూలుగా రాసేది ఇట్లా ఉంటుంది: ‘దొరసాని గది. మా ముత్తాత గారి కాలంలో ఈ గదిలో బర్మా టేకు మంచం ఉండేది. ఆయన వేటకు వెళ్ళేవారు, దానధర్మాలకు పెట్టింది పేరు.’ గోడ మీద ఒక తుపాకి, ఒక జింక తల, ఒక ఫొటో.

దానికి బదులు ఇట్లా రాయొచ్చు: ‘ఇది ధాన్యపు అర్ర. గోడ మందం రెండున్నర అడుగులు, కిటికీ లేదు, ఇప్పుడున్న కిటికీ బాగుచేసినప్పుడు పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నాగు కింద వచ్చిన వడ్లు ఇక్కడ పోసేవాళ్ళు. కొలిచేవాళ్ళు, మోసేవాళ్ళు కూలి లేకుండా పనిచేశారు. 1978 తర్వాత ఈ ఇల్లు చాలా ఏళ్ళు మూసి ఉంది.’ అప్పు తీసుకున్న ధాన్యానికి వడ్డీగా కొలిచే ధాన్యాన్ని నాగు అంటారు, మన పెద్దవాళ్ళకు బాగా తెలిసిన బాధ. ఈ కాగితం చదివితే అతిథి పారిపోతాడని కొందరి భయం. నాకలా అనిపించదు. రామప్ప దాకా వచ్చేవాడు రాళ్ళ వెనక మనుషుల్ని వెతుక్కుంటూనే వస్తాడు. పైగా ఇది దాచినా దాగదు. టీ కోసం గేటు దాటి బయటికి పోతే, అక్కడ కూర్చున్న ముసలాయన రెండు నిమిషాల్లో అంతా చెప్పేస్తాడు. ఇంటివాళ్ళు చెప్పినదానికీ ఆయన చెప్పినదానికీ పొంతన లేకపోతే పరువు పోయేది ఇంటివాళ్ళదే.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇవాళ ఆ ఇంటిని బాగుచేస్తున్న మనవరాలికి 1946తో సంబంధం లేదు. ఆమెను దోషిగా నిలబెట్టి అతిథి తృప్తి పడటం కూడా చరిత్ర కాదు. దొరల్లోనే ఊళ్ళకు బడులు కట్టించినవాళ్ళు, పోరాటంలో చేరి సొంత ఇంటి మీదే తిరగబడినవాళ్ళు ఉన్నారు. నిజామాబాద్ వైపు సిర్నాపల్లి సంస్థానాన్ని జానకీబాయి ఒక ఆడమనిషిగా నడిపిన తీరు వేరే కథ. అన్నీ చెప్పాలి, పక్కపక్కన చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది మింగేస్తేనే పేచీ.

టిఫిన్ దగ్గరా ఇదే తంతు. పాత ఇల్లని చెప్పి పొద్దున బ్రెడ్ ఆమ్లెట్టో, ఎక్కడైనా దొరికే ఇడ్లీ సాంబారో పెడతారు. ఇక్కడ సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం కలిపి గిన్నె లోపలి గోడలకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలేసి కాల్చేది. కరీంనగర్ వైపు సర్వప్ప అంటారు. గిన్నె చల్లారితే గానీ రెండోది ఒత్తడం కుదరదు, అందుకే హోటళ్ళు దాని జోలికి పోవు. నలుగురు అతిథులున్న ఇంటికి అది సరిగ్గా సరిపోయే పని. మక్కగడ్క, అంబలి, జొన్నరొట్టె మాత్రం పెట్టేముందు ఒక మాట చెప్పాలి, అవి దొర పళ్ళెంలోవి కావు, దర్వాజ బయట కూర్చున్నవాళ్ళవి.

ఆ బయట కూర్చున్నవాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇప్పుడు అదే ఊళ్ళో ఉన్నారు. అతిథులకు ఊరు తిప్పి చూపించాల్సింది వాళ్ళే. బావి ఎవరు తవ్వారో, మోట ఎవరు కొట్టారో, గడి ముందు బతుకమ్మ ఏ కులం వాళ్ళు ఎక్కడ నిలబడి ఆడేవాళ్ళో వాళ్ళకు తెలిసినంత ఇంటివాళ్ళకు తెలియదు. ఆ గంట నడకను ‘ఊరివాళ్ళ ఆప్యాయత’ కింద ఊరికే కలిపేయకూడదు. ఆ ఇంట్లో ఊరికే చేయించుకున్న పని ఇప్పటికే చాలా అయింది. గది అద్దె, టిఫిన్ రేటు రాసే బిల్లులోనే దాని రేటు కూడా విడిగా రాసి, ఆ డబ్బు అదే రోజు వాళ్ళ చేతిలో పెట్టాలి.